వరుసలో నిలబడినవాడు గురువైనప్పుడు

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర రెండు రోజుల ఈజిప్టు నాట్య శిబిరానికి వెళ్లారు. నేర్పినాయనకు అరవై దాటాయి. ఒకప్పుడు కైరోలో ప్రభుత్వ జానపద బృందమైన రెడా బృందంలో ఆడానని చెప్పారు. మీరు పన్నెండేళ్లు కూచిపూడి నేర్చుకున్నారు, ఇప్పుడు ఆయన దగ్గర ఏడాది కోర్సులో చేరాలని ఉంది. మీ సందేహాలు రెండు. ప్రభుత్వ జానపద బృందంలో ఆడుకునే మనిషి జర్మనీలో గురువు ఎలా అయ్యాడు? ఆయన నేర్పేది అసలైన జానపదమేనా?

చేరండి. రెండో ప్రశ్నకు మాత్రం జవాబు "కాదు" అని ముందే తెలుసుకుని చేరండి. ఆ "కాదు" ఆయన తప్పేమీ కాదు. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నేను ఇరవై రెండేళ్లుగా బెర్లిన్‌లో కూచిపూడి చెబుతున్నాను. అందులో తొమ్మిదేళ్లు ఒక ఈజిప్టు గురువు దగ్గర మొదట శిష్యురాలిగా, తరవాత ఆయన శిబిరాలకు ఏర్పాట్లు చూసే మనిషిగా ఉన్నాను. హాలు అద్దె, వీసా కాగితాలు, విమానాశ్రయంలో ఆపేసిన కర్రల కట్ట అన్నీ నా చేతుల మీదుగానే నడిచాయి. ఆయన పేరు రాయను. శిష్యులందరం "ఉస్తాజ్" అనేవాళ్లం, మన "మాస్టారు" లాంటి పిలుపు. ఇక్కడా అలాగే అంటాను.

ఆ బృందాన్ని పెట్టిన మహమూద్ రెడా 1930లో కైరోలో పుట్టారు. తండ్రి కైరో విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారి. అంటే ఈజిప్టు జానపద నాట్యానికి పితామహుడని పేరుపడ్డ మనిషి పల్లెలో పుట్టలేదు, తిరునాళ్లలో ఆడి పెరగలేదు. ఆయన జిమ్నాస్టు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఈజిప్టు తరఫున పోటీ చేశారు. హాలీవుడ్ నర్తకులు జీన్ కెల్లీ, ఫ్రెడ్ ఆస్టేర్‌ల సినిమాలు చూసి అడుగులు వేసిన కుర్రాడు. అర్జెంటీనా నుంచి వచ్చిన ఒక నాట్య బృందంలో చేరి యూరప్ తిరిగారు. పరాయివాళ్లు తమ జానపదాన్ని వేదికకు ఎక్కించి టికెట్టు పెట్టి చూపించడం అక్కడే దగ్గరగా చూశారు. మన దేశానికి అలాంటిది ఎందుకు లేదన్న ఆలోచన ఆయనకు వచ్చింది ఆ తిరుగుడులోనే.

1959లో అన్న అలీ రెడా, నర్తకి ఫరీదా ఫహ్మీలతో కలిసి బృందం పెట్టారు. తొలి ప్రదర్శన కైరోలో ఎజ్బెకియా తోటలోని రంగస్థలం మీద. 15 మందితో మొదలైన బృందం వాద్యగాళ్లు, రంగస్థల సిబ్బందితో కలిపి 1970ల నాటికి 150 దాటింది. 1961లోనే ప్రభుత్వం దాన్ని తన కిందికి తీసుకుంది. అలీ ఇస్మాయిల్ అనే స్వరకర్త పల్లె బాణీలను పెద్ద వాద్యబృందానికి తగ్గట్టు తిరగరాశారు. అలీ రెడా 1960లలో తీసిన రెండు సినిమాలతో ఈ నాట్యం ఊరూరికీ చేరింది.

ఫరీదా ఫహ్మీ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆమె తండ్రి హసన్ ఫహ్మీ ఇంజినీరింగ్ ప్రొఫెసరు. ఆడపిల్ల వేదిక మీద ఆడుతోందంటే జనం ఇంకోలా చూసే రోజుల్లో, ఒక ప్రొఫెసరుగారు కూతురి వెనక నిలబడి "మా అమ్మాయే" అనడం ఎంత పనిచేసి ఉంటుందో మన నాట్య చరిత్ర తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చదువుకున్న కుటుంబాల పిల్లలు, విశ్వవిద్యాలయ విద్యార్థులు బృందంలోకి రావడం ఆ ధైర్యంతోనే.

మనవైపు ఇలాంటిది వెతకాలంటే దూరం పోనక్కర్లేదు. వెంపటి చినసత్యంగారు పుట్టింది 1929లో, రెడా 1930లో. ఒక్క ఏడాది తేడా. చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, అగ్రహారంలో మగవాళ్లు తరాలుగా ఆడినదాన్ని నగర వేదికకూ ఆడపిల్లల శరీరాలకూ సరిపోయేలా తీర్చారు. మీరూ నేనూ నేర్చుకున్నది చాలావరకు ఆ తీర్చిన రూపమే కదా. ఒక తేడా ఉంది. చినసత్యంగారు ఆ ఊరి మనిషి. రెడా ఏ ఊరి నాట్యాన్నీ ఇంట్లో పుట్టి పొందినవాడు కాదు. 1960ల మధ్యలో ఎగువ ఈజిప్టు, నైలు డెల్టా, ఎడారి ప్రాంతాలు తిరిగి చూసి, రాసుకుని, తిరిగి వచ్చి తన ఒంటితో తిరగరాశారు. ఆ ఒంట్లో జిమ్నాస్టిక్స్ ఉంది, బాలే ఉంది, హాలీవుడ్ ఉంది. ఎగువ ఈజిప్టు కూడా ఉంది.

ఇక మీ గురువుగారి సంగతి.

బృందంలో చేరడమంటే ఉద్యోగంలో చేరడమే. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో పరీక్ష పెట్టి తీసుకుంటారు. నెల జీతం, రోజూ సాధన, కైరోలో అగూజాలోని బెలూన్ థియేటర్‌లో ప్రదర్శనలు, విదేశీ పర్యటనలు. కార్నెగీ హాల్, రాయల్ ఆల్బర్ట్ హాల్, పారిస్ ఒలింపియా లాంటి వేదికలు రెడా బృందం ఆడినవే. కుర్రవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఉస్తాజ్ తన మొదటి జీతంతో కొన్న తోలు బూట్ల గురించి కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటారు.

అయితే బృందంలో నర్తకుడికి తెలిసేది తన వరుస. పన్నెండు మంది ఒక్కలా కర్ర ఎత్తినప్పుడు ఎడమ నుంచి మూడోవాడు ఎక్కడ ఉండాలో ఎడమ నుంచి మూడోవాడికి తెలుసు. ముందు వరుసలో అమ్మాయిలు ఏం చేస్తున్నారో అతనికి వీపులు కనబడినంత మేరకే తెలుసు. నాట్యం ఎవరు కూర్చారు, ఎందుకు అలా కూర్చారు, ఏ ఊళ్లో చూసి తెచ్చారు అనేవి పైవాళ్లు చూసుకునే సంగతులు. ఉస్తాజ్ ఏడేళ్లపాటు సయీదీ కర్ర నాట్యం ఆడారు. సయీద్ అంటే ఎగువ ఈజిప్టు, నైలు వెంబడి ఆ దేశపు దక్షిణ భాగం. ఆయన పుట్టింది, పెరిగింది కైరో నగరంలోని షుబ్రా పేటలో. సయీద్‌ను మొదటిసారి చూసింది బృందం బస్సు కిటికీలోంచి. ఈ మాట ఆయనే నవ్వుతూ చెప్పేవారు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది కూడా ఆ నవ్వుతోనే.

విదేశాలకు దారి ఎలా తెరుచుకుంటుందంటే, ముందు అక్కడ అడిగేవాళ్లు పుట్టాలి. జర్మనీ, అమెరికా, జపాన్, రష్యా, బ్రెజిల్ లాంటి చోట్ల వేలమంది స్త్రీలు రక్స్ షర్కీ నేర్చుకుంటున్నారు. మనవాళ్లు బెల్లీ డాన్సు అనేది అదే. కొన్నేళ్లు నేర్చుకున్నాక వాళ్లకు దాని వెనక ఏముందో తెలుసుకోవాలనిపిస్తుంది. నగర క్లబ్బు నాట్యం కాకుండా పల్లె నాట్యం, కర్ర, ఓడరేవు పాటలు, ఎడారి చప్పట్లు కావాలంటారు. అవి చెప్పగలవాళ్లు ఎక్కడున్నారు? కైరోలో రెండు ప్రభుత్వ బృందాల్లో ఉన్నారు. రెడా బృందం ఒకటి, కౌమియ్యా అనే జాతీయ జానపద బృందం రెండోది. రెండోదాన్ని 1960ల మొదట్లో సోవియట్ నిపుణుల సాయంతో తీర్చిదిద్దారు. దాని నర్తకుల కాళ్లలో ఆ క్రమశిక్షణ ఇప్పటికీ కనబడుతుంది, కొంచెం ఎక్కువగానే.

ఇటువైపు డబ్బు లెక్క. ప్రభుత్వ జీతం ఈజిప్టు పౌండ్లలో. 2011 విప్లవం తరవాత పర్యాటకులు తగ్గి హోటళ్లలో, నైలు పడవల్లో దొరికే పై సంపాదన పడిపోయింది. 2016 నవంబరులో పౌండు విలువను మార్కెట్టుకు వదిలేశాక, అంతకుముందు 9 పౌండ్ల లోపు ఉన్న డాలరు కొద్ది వారాల్లోనే 18 దాటింది. 2024 మార్చిలో మళ్లీ వదిలితే 50 దరిదాపులకు పోయింది. యూరోల్లో ఒక వారాంతం సంపాదన కైరోలో ఎన్ని నెలల జీతమో మీరే వేసుకోండి. కళ కోసమే వచ్చానని ఏ గురువైనా అంటే నమ్మండి, దానితోపాటు ఈ లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. మనం మాత్రం ఇక్కడ ఊరికే చెబుతున్నామా?

అందరూ ఒకే దారిలో రాలేదు. రెడా 1990 వరకు బృందాన్ని నడిపి, ఆ తరవాత దేశదేశాలు తిరిగి శిబిరాలు చెప్పారు. 2020 జులైలో తొంభై ఏళ్ల వయసులో పోయేదాకా కైరోనే ఇల్లు. ఫరీదా ఫహ్మీది చదువు దారి. 1983లో వేదిక వదిలి అమెరికా వెళ్లి, లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నాట్య జాతిశాస్త్రంలో ఎం.ఏ. చేశారు. 1987లో సమర్పించిన ఆమె పరిశోధన రెడా సృజన మీదే. తాను ఇరవై నాలుగేళ్లు ఆడినదాన్ని బయట నిలబడి చూసి రాయడం ఎంతమంది చేయగలరు? తొలి తరం నర్తకుల్లో ఒకరైన డాక్టర్ మొహమ్మద్ గెద్దావి వృత్తిరీత్యా వైద్యుడు. మా బెర్లిన్‌లోనే స్థిరపడి యూరప్‌లో రెండు తరాలకు ఈ నాట్యం చెప్పారు. రకియా హసన్ దారి దీనికి తిరగేసింది. రెడా బృందంలో ఆడిన ఆమె కైరో వదల్లేదు. 2000 నుంచి అహ్లన్ వ సహ్లన్ అనే ఉత్సవం పెట్టి ప్రపంచాన్నే కైరోకు రప్పించారు. విమానం టికెట్టు ఖర్చు గురువుది కాకుండా శిష్యులది అయింది. వ్యాపారంగా చూస్తే నలుగురిలో తెలివైన పని అదే అని నా అభిప్రాయం.

వీళ్లంతా పేరున్నవాళ్లు. మీ గురువు, మా ఉస్తాజ్ లాంటివాళ్లు వరుసలోవాళ్లు. వాళ్ల దారి ఇంకోలా ఉంటుంది. పర్యటనలోనో కైరో ఉత్సవంలోనో ఒక విదేశీ శిష్యురాలు పరిచయమవుతుంది. ఆమె తన ఊళ్లో హాలు చూసి పిలుస్తుంది. టికెట్టు, బస నిర్వాహకులవి. రెండు రోజులు, రోజుకు నాలుగైదు గంటలు తరగతి, శనివారం రాత్రి ప్రదర్శన. వచ్చినదాంట్లో సగం సగమో, ముందే మాట్లాడుకున్న మొత్తమో ఇస్తారు. పెట్టెలో సగం తన బట్టలు, మిగతా సగం అమ్మకానికి తెచ్చిన నడుము గుడ్డలు, సగాత్‌లు. సగాత్ అంటే వేళ్లకు తొడుక్కునే చిన్న తాళాలు. చాలామంది గురువులకు మొదటి ఏళ్లలో తరగతి కంటే ఆ పెట్టెలోంచే ఎక్కువ వచ్చేది. మూడు నాలుగు ఊళ్లు కుదిరితే ఏడాదికి రెండుసార్లు వస్తారు. ఆ పైన పెళ్లి వల్లనో, స్వయంఉపాధి వీసా వల్లనో కొందరు ఉండిపోతారు. పురపాలక వయోజన విద్యా కేంద్రంలో మంగళవారం సాయంత్రం తరగతి, ఆదివారం సొంత శిష్యులు, మధ్యలో వేరే పని. మా ఉస్తాజ్ ఆరేళ్లు ఒక బేకరీలో తెల్లవారుజాము పని చేశారు. చేతుల మీద పిండి కనబడుతుందని మంగళవారాల్లో పొడుగు చేతుల చొక్కా వేసుకునేవారు.

మోసాలూ ఉంటాయి. ఒక ఊళ్లో నిర్వాహకురాలు రెండు రోజుల తరగతిని మొత్తం వీడియో తీసి, శిష్యులు తక్కువ వచ్చారని చెప్పి సగం డబ్బే ఇచ్చి, ఆ వీడియోను మాత్రం ఏడాదిపాటు అమ్ముకుంది. అప్పటినుంచి ఉస్తాజ్ తరగతి చివరి పది నిమిషాలే, ఆయన నిలబడమన్న చోటి నుంచే తీయనిస్తారు. మీకు అది పిసినారితనంగా అనిపించి ఉంటే, వెనక ఇలాంటి కథ ఏదో ఉంటుంది.

నేర్పడం దగ్గరకు వద్దాం. వరుసలో నిలబడినవాడు గురువు కావడంలో ఉన్న కష్టం అంతా అక్కడే ఉంది.

ఉస్తాజ్ మొదటి శిబిరంలో శిష్యులు ఇరవై ఇద్దరు. అందరూ ఆడవాళ్లు. ఈ తరగతులు ఎక్కడ చూసినా అంతే. ఆయనకు తెలిసినవి మగవాళ్ల అడుగులు. మొదటి రోజు కర్ర నాట్యం చెప్పి గట్టెక్కారు. సాయంత్రం ఒకావిడ "రేపు అలెగ్జాండ్రియా మెలాయా చెబుతారా?" అని అడిగింది. మెలాయా అంటే ఆడవాళ్లు ఒంటికి చుట్టుకునే నల్ల గుడ్డ. ఆ నాట్యంలో ఆయన పాత్ర పదేళ్లపాటు వెనక నిలబడి చూసి మురిసిపోయే జాలరి. ఆ రాత్రి బసలోంచి కైరోకు ఫోను చేసి, తనతో ఆడిన ఒకావిడను నిద్రలేపి, గుడ్డ కుడి చంక కిందినుంచి వస్తుందా ఎడమనుంచా అని అడిగారట. ఆవిడ అరగంట చెప్పింది. హోటలు దుప్పటి చుట్టుకుని అద్దం ముందు రెండింటిదాకా సాధన చేశారు. మర్నాడు చెప్పిన పాఠం బాగానే ఉందని అప్పుడు అక్కడున్నవాళ్లు ఇప్పటికీ అంటారు. నేర్చుకున్నది నేర్పడం వేరు, నేర్పడం కోసం నేర్చుకోవడం వేరు. వరుసలో ఉండగా తాను చూడకుండా వదిలేసినదంతా ఆయన విదేశం వచ్చాక, నలభై ఏళ్లు దాటాక నేర్చుకున్నారు.

రెండో కష్టం లెక్క. కైరోలో సాధనలో తబలా (మన తబలా కాదు, కూజాలా ఉండే ఈజిప్టు డోలు) వాయించేవాడు పక్కనే ఉంటాడు. శరీరం వాడిని వింటుంది. జర్మనీలో శిష్యులు "ఏ లెక్క మీద తిరగాలి?" అని అడుగుతారు. మీరు కూచిపూడి మనిషి కాబట్టి దీన్ని కొంచెం విప్పి చెబుతాను, మీకు సరదాగా ఉంటుంది.

మనం ఎనిమిది అక్షరాలు వేసుకుందాం. దుం బరువైన దెబ్బ, తక్ తేలికైన దెబ్బ. నగర సంగీతంలో అన్నింటికంటే ఎక్కువగా వినబడే మక్సూమ్ అనే తాళం నడక ఇది: దుం, తక్, ఖాళీ, తక్, దుం, ఖాళీ, తక్, ఖాళీ. ఎగువ ఈజిప్టు సయీదీ ఇది: దుం, తక్, ఖాళీ, దుం, దుం, ఖాళీ, తక్, ఖాళీ. మారింది ఒక్క నాలుగో అక్షరమే. తక్ పోయి దుం వచ్చింది. దానితో మధ్యలో రెండు బరువైన దెబ్బలు పక్కపక్కన పడ్డాయి. చేత్తో బల్ల మీద వేసి చూడండి, మొత్తం నడక కిందికి కుంగినట్టు ఉంటుంది. ఒంటి బరువు దిగాల్సింది ఆ రెండు దుంల మీద. మిజ్మార్ మన సన్నాయికి అక్కలాంటిది, గొంతు ఇంకా పెద్దది. దానికి తోడు భుజానికి వేలాడే పెద్ద డోలు. ఆ రెండూ మోగుతుంటే ఈ లెక్క చెప్పనక్కర్లేదు. హాల్లో స్పీకరు పెట్టి వినిపిస్తే చెప్పాలి.

నేను మొదటి నెలంతా ఆ దుం మీద కాలు తట్టేదాన్ని. మనకు నేలను కొట్టడం అలవాటు కదా, అందులోనూ గజ్జెలు లేకపోతే ఇంకా గట్టిగా కొడతాం. ఉస్తాజ్ పాట ఆపి నా దగ్గరకు వచ్చి, "నేల నీకేమైనా బాకీ ఉందా?" అన్నారు. సయీదీలో కాలు నేలను కొట్టదు, నేల మీద కూర్చుంటుంది. గుర్రం డెక్క వాలినట్టు. మోకాలు మెత్తబడాలి, అరమండిలోలా (మోకాళ్లు పక్కలకు విప్పి సగం కూర్చునే మన నిలకడ) బయటికి తెరుచుకోకూడదు. మీకు ఇది కనీసం మూడు నెలల బాధ. ముందే చెబుతున్నాను.

కర్ర విషయం కూడా చెప్పాలి. మూలం తహ్తీబ్, అంటే ఎగువ ఈజిప్టు మగవాళ్ల కర్రసాము. పొడుగాటి లావు కర్రలు, ఇద్దరు మనుషులు, చుట్టూ జనం. యునెస్కో 2016లో దాన్ని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆడవాళ్లు సన్నటి వంపు కర్ర తీసుకుని మగవాళ్ల ఆ దర్పాన్ని కొంచెం ఆటపట్టిస్తూ ఆడేది అసాయా నాట్యం. వెక్కిరింత ఉందని తెలియకుండా ఆడితే అది బ్యాండు మేళం ముందు కర్ర తిప్పినట్టు ఉంటుంది. ఉస్తాజ్ మొదటి గంటలో కర్ర తిప్పనిచ్చేవారు కాదు. భుజం మీద వేసుకుని హాలు చుట్టూ నడవమనేవారు. "మీ కర్ర ఇంకా ఎవరిదో ఇంటినుంచి అడిగి తెచ్చుకున్నట్టు ఉంది" అనేవారు. జర్మన్ ఆవిడ ఒకామె ముసలివాళ్లు పట్టుకునే చేతికర్ర, కింద రబ్బరు బిళ్లతో సహా, మందుల దుకాణంలో కొని తెచ్చింది. ఆయన దాన్ని తీసుకుని దానితోనే అద్భుతంగా ఆడి చూపించారు, రబ్బరు బిళ్ల నేలకు తగిలినప్పుడల్లా కీచుమంటుంటే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. అసలైన జానపదమేనా?

మెలాయా సంగతే చూడండి. అలెగ్జాండ్రియాలో ఆ నల్ల గుడ్డ ఒకప్పుడు ఆడవాళ్ల రోజువారీ వస్త్రమే. కానీ గుడ్డ విప్పుతూ చుట్టుకుంటూ అలిగి కవ్వించే ఆ నాట్యం ఏ వీధిలోనూ లేదు. రెడా బృందం వేదిక కోసం కట్టిన చిన్న నాటకం అది. మువష్షహాత్ అనే పాత అరబీ పద్యగానానికి ఆడే సొగసైన నాట్యం ఉంది కదా, దాన్ని రెడా 1970ల చివరలో కూర్చారు. అండలూసియా, అంటే అరబ్బులు ఏలిన మధ్యయుగపు స్పెయిన్ ఆస్థానంలో ఎలా ఆడేవారో చెప్పే అడుగు ఒక్కటీ మిగల్లేదు, ఆయన ఊహించి కట్టారు. పశ్చిమ ఎడారిలో మర్సా మత్రూహ్ వైపు హగ్గాలా అని ఒకటుంది. అక్కడ మగవాళ్లు వరుసగా నిలబడి చప్పట్లు కొడుతూ పాడుతుంటే వాళ్ల ముందు ముసుగు వేసుకున్న ఒక స్త్రీ ఆడుతుంది. ఇది నిజంగా ఉన్నదే, రెడా చూసి తెచ్చినదే. వేదిక మీద మాత్రం ఒక స్త్రీ పది మంది అయింది, అరగంట నాలుగు నిమిషాలైంది.

ఇది మోసమని నేను అనను. మన పేరిణి నాట్యాన్ని నటరాజ రామకృష్ణగారు జాయప సేనాని గ్రంథం నుంచి, రామప్ప గుడి శిల్పాల నుంచి తిరిగి నిలబెట్టారు. కాకతీయుల కాలంలో అచ్చంగా ఇలాగే ఆడారని ఎవరూ పందెం కాయరు. దాన్ని మనం గర్వంగానే ఆడుకుంటాం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, విదేశంలో ఒక గురువు వేదిక కోసం కట్టినదాన్ని "వేల ఏళ్లుగా మా పల్లెల్లో ఉంది" అని చెప్పినప్పుడు. ఫారోల కాలం గోడబొమ్మలు చూపించి ఈ అడుగు అక్కడిదే అని చెప్పే గురువులు నాకు ఇద్దరు తగిలారు. శిష్యులకు ఆ కథ నచ్చుతుంది, రుసుమూ పెరుగుతుంది.

పల్లె రూపం ఎలా ఉంటుందో చూడాలంటే లక్సర్‌లో మాజిన్ అక్కచెల్లెళ్లని పేరుపడ్డ గవాజీ కుటుంబం వీడియోలు వెతికి చూడండి. గవాజీలంటే తరతరాలుగా పెళ్లిళ్లలో, తిరునాళ్లలో ఆడే వృత్తి నర్తకీమణులు. వాళ్లలో చివరిదాకా ఆడిన ఖైరియ్యా మాజిన్ దగ్గరకు విదేశీ శిష్యురాళ్లే వెతుక్కుంటూ వెళ్లారు. వాళ్ల ఆటలో వరుసలు లేవు, చేతులు చాచి చూపించడం లేదు. నడుము పక్కకు ఊగే ఒక్క కదలికే చాలాసేపు నడుస్తుంది, సగాత్‌లు మాత్రం ఆగవు. మొదటిసారి చూస్తే "ఇంతేనా?" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. పదోసారి చూసినప్పుడు రెడా బృందం దీన్ని ఎక్కడ సాగదీసిందో, ఎక్కడ కత్తిరించిందో కనబడడం మొదలైంది. మీ గురువు నేర్పేదాని పక్కన దీన్ని పెట్టుకుని చూస్తే ఏడాది కోర్సుకు పెట్టిన డబ్బు రెండింతలు గిట్టుబాటవుతుంది.

మీ గురువుగారు చెప్పినది నిజమా అన్న అనుమానం మీ ఉత్తరంలో ఒక మూల కనబడింది. "రెడా బృందంలో ఆడాను" అనడం వేరు, "రెడా దగ్గర నేర్చుకున్నాను" అనడం వేరు. రెడా బృందాన్ని నడిపింది 1990 దాకా. మీ గురువుగారికి అరవై రెండు, అరవై మూడు అనుకుంటే ఇరవై ఏళ్లకు చేరినా 1980ల మొదట్లో చేరి ఉంటారు. ఆరేడేళ్లయినా రెడా కింద ఆడి ఉంటారు. లెక్క కుదురుతోంది. నలభై ఏళ్ల మనిషి ఇదే మాట అంటే కుదరదు. ప్రధాన నర్తకుడినని అందరూ అంటారు, దాన్ని పట్టించుకోకండి. ఏ నాట్యాల్లో, ఏ చోట నిలబడేవారని అడగండి. నిజంగా ఆడినవాడు వెంటనే లేచి, గదిలో కుర్చీలు జరిపి, "ఇక్కడ సమీర్, ఇక్కడ నేను, ఇదిగో ఇక్కడినుంచి అమ్మాయిలు వస్తారు" అని చూపించడం మొదలుపెడతాడు. ఆపడం కష్టం. ఆడనివాడు ఫోటో చూపిస్తాడు.

కోర్సు చివర ఇచ్చే ధ్రువపత్రం గురించి అడిగారు. దాన్ని గోడకు తగిలించుకోవచ్చు, అంతకుమించి విలువ లేదు. రెడా బృందం తరఫున పత్రాలిచ్చే అధికారం ఒంటరి గురువుకు ఉండదు. మీరు కూచిపూడితో కలిపి ఏదైనా కట్టాలనుకుంటున్నారని కూడా రాశారు. మొదటి ఏడాది వద్దు. రెండు ఒళ్లు విడిగా నిలబడాలి, లేకపోతే సయీదీలో అరమండి దూరుతుంది, అరమండిలో సయీదీ కుంగుబాటు దూరుతుంది. నాకు రెండూ జరిగాయి. హైదరాబాదు నుంచి వచ్చిన మా గురువుగారు నా జతులు చూసి "కాలికి దెబ్బ తగిలిందా అమ్మా?" అని అడిగారు.

ఉస్తాజ్‌కు ఇప్పుడు అరవై ఎనిమిది. మోకాళ్లు పోయాయి. కుర్చీలో కూర్చుని కర్రతో నేల మీద దుం, తక్ కొడుతూ చెబుతారు. మన నట్టువాంగంలాగే ఉంటుంది, తాళాల బదులు కర్ర. బేకరీ పని మానేశారు. మెలాయా ఇప్పుడు ఆయన కంటే బాగా చెప్పేవాళ్లు ఈ నగరంలో లేరు. కావాలంటే ఒక శనివారం బెర్లిన్ రండి, తరగతి పదకొండింటికి. కర్ర కొనవద్దు, ఆయన సంచిలో ఎప్పుడూ ఎనిమిది తొమ్మిది ఉంటాయి. బూట్లు మాత్రం మెత్తటి అడుగువి తెచ్చుకోండి, ఆ హాలు నేల శీతాకాలంలో మంచుగడ్డే.